డీకోడ్ కాలేదా, మ్యాచ్ కాలేదా? టీటీసీఎన్-3 టెంప్లేట్ల మీద భీమవరంలో ఇచ్చిన టాక్

(రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం. మైకు సర్దుకునే భాగం తీసేశాం, మధ్యలో అడిగిన ప్రశ్నలు మాత్రం అలాగే ఉంచాం.)

వెనకాల వినపడుతుందాండీ? ఆ, సరే. ఆ ఫ్యాను కింద ఉన్నోళ్ళు కొంచెం జరిగితే నిలబడ్డ బాబులకి కూడా చోటు దొరుకుద్ది.

నన్ను పిలిచినప్పుడు ప్రోటోకాల్ టెస్టింగ్ మీద ఏదైనా చెప్పండి సార్ అన్నారు. ప్రోటోకాల్ అంటే రెండు మెషిన్లు మాట్లాడుకునే పద్ధతి, దాని టెస్టింగేమో ఒక పూటలో తేలే సబ్జెక్టు కాదు, అందుకని ఒకటే ముక్క పట్టుకుంటాను. అవతల్నుంచి వచ్చిన మెసేజ్‌ని డీకోడ్ చేయడం, అంటే ఉత్త బైట్లని అర్థమయ్యే ఫీల్డులుగా చదవడం; డీకోడ్ చేసిందాన్ని టెంప్లేట్‌తో, అంటే ఎలా ఉండాలో మనం ముందే రాసుకున్న నమూనాతో, సరిచూడటం. ఇవి రెండు వేరు వేరు పనులు. టెస్టు ఫెయిలైనప్పుడు ఈ రెండిట్లో ఎక్కడ తేడా కొట్టిందో లాగ్ చూసి ఠక్కున చెప్పలేకపోతే ఆ టెస్టు రాసినోడు సగం పనే చేశాడని నేనంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఈ టెస్టులు రాసే భాష పేరు టీటీసీఎన్-3. ఫ్రాన్స్‌లో సోఫియా యాంటిపోలిస్ అనే ఊళ్ళో ఈటీఎస్ఐ అని స్టాండర్డ్స్ సంస్థ ఉంది, దీని స్టాండర్డు వాళ్ళదే, ఈఎస్ 201 873 అని నంబరు, అందులో చాలా పార్టులున్నాయి, ఒకటో పార్టు కోర్ లాంగ్వేజ్. మీ చేతుల్లో ఉన్న ఫోన్లు ఉన్నాయి కదా, ఫోర్‌జీ గాని ఫైవ్‌జీ గాని, ఆ ఫోన్ నెట్‌వర్క్‌తో రూల్ ప్రకారం మాట్లాడుతుందా లేదా అని చూసే 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్ స్టాండర్డులు రాసే సంస్థ) కన్ఫార్మెన్స్ టెస్టులు ఈ భాషలోనే రాస్తారు. ఫ్రీగా నేర్చుకోవాలంటే టైటన్ అని టూల్ ఉంది, ఎరిక్‌సన్ వాళ్ళు లోపల వాడుకున్నది, తర్వాత ఎక్లిప్స్ కింద ఓపెన్‌సోర్స్ చేశారు. చరిత్ర ఇంతే చాలు, ఎందుకంటే చరిత్ర చెప్తే మీరు ఫోన్లు తీస్తారు.

ఫోన్ సిగ్నలింగ్ ఉదాహరణ తీసుకుంటే సగం మందికి నిద్రొస్తుంది, అందుకని మన దగ్గరున్నదే తీసుకుందాం. ఇక్కడ చెరువు లేని ఇల్లెవరిదండీ? ఉండి వైపు వెళ్ళినా ఆకివీడు వైపు వెళ్ళినా రెండు పక్కలా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లే. వనామి రొయ్యల చెరువులో డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, నాలుగు కిందకి పోతే రైతుకి కంటి మీద కునుకుండదు, అది పడిపోయేది కూడా తెల్లవారుజామునే. ఇప్పుడు చెరువులో సెన్సార్ పెట్టి, గట్టు మీద ఒక డబ్బా పెట్టి, డీవో తగ్గితే ఏరేటర్ ఆన్ చేసే కంట్రోలర్లు వస్తున్నాయి కదా. ఆ సెన్సారూ కంట్రోలరూ మాట్లాడుకునేది చాలాచోట్ల మోడ్‌బస్‌లో. 1979లో మోడికాన్ అనే కంపెనీ ఫ్యాక్టరీ మెషిన్ల కోసం తెచ్చింది, ఇవాళ్టికీ చావలేదు, చావదు కూడా. టీసీపీ మీద, అంటే మామూలు నెట్‌వర్క్ కనెక్షన్ మీద, నడిచే మోడ్‌బస్ అయితే 502 పోర్టు.

బోర్డు మీద రాస్తున్నాను చూడండి. కంట్రోలర్ అడిగింది, నీ దగ్గర సున్నా నంబరు రిజిస్టర్ నుంచి రెండు రిజిస్టర్లు ఇవ్వు అని. రిజిస్టర్ అంటే విలువ దాచుకునే చిన్న గది. సెన్సార్ ఇచ్చిన జవాబు ఇది, హెక్సాలో:

00 01 00 00 00 07 01 03 04 40 90 00 00

పదమూడు బైట్లు. మొదటి రెండూ ట్రాన్సాక్షన్ నంబరు, నువ్వడిగిన దానికే జవాబు చెప్తున్నానని గుర్తు. తర్వాత రెండు సున్నాలు ప్రోటోకాల్ నంబరు, మోడ్‌బస్‌కి ఎప్పుడూ సున్నానే. 00 07 అంటే ఇక్కడ్నుంచి ఇంకా ఏడు బైట్లున్నాయని, లెక్కపెట్టుకోండి, సరిగ్గా ఏడే. 01 యూనిట్ నంబరు. ఇక్కడికి కవరు అయిపోయింది, ఇక లోపలి ఉత్తరం: 03 అంటే రిజిస్టర్లు చదివే ఫంక్షన్ కోడు, 04 అంటే నాలుగు బైట్ల డేటా, ఆ డేటా 40 90 00 00. దాన్ని ముప్పై రెండు బిట్ల ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, చదివితే 4.5. అంటే డీవో నాలుగున్నర, రైతు హాయిగా పడుకోవచ్చు.

అదే సెన్సార్ కాదు కూడదు అందనుకోండి, అప్పుడు జవాబు ఇలా ఉంటుంది:

00 01 00 00 00 03 01 83 02

03కి పైబిట్టు కలిపి 83 చేశాడు, ఎక్సెప్షన్ అని, 02 అంటే నువ్వడిగిన అడ్రెసు నా దగ్గర లేదు అని. తొమ్మిది బైట్లు. ఈ రెండు మెసేజ్‌లూ గుర్తుపెట్టుకోండి, ఇవాళ కథంతా వీటి చుట్టూనే.

ముందు డీకోడింగ్. టీటీసీఎన్-3లో మీరు టైపు రాస్తారు, రికార్డు అని, అందులో ట్రాన్సాక్షన్ ఇంటీజరు, లెంగ్త్ ఇంటీజరు, ఇలా. కానీ ఏ ఫీల్డు ఎన్ని బిట్లు, ముందు పెద్ద బైటా చిన్న బైటా, ఇవి కోర్ లాంగ్వేజ్‌కి అక్కర్లేదు, అది కోడెక్ పని, అంటే విలువల్ని బైట్లుగా, బైట్లని విలువలుగా మార్చే కోడు, అది భాష బయట ఉంటుంది. టైటన్‌లో అయితే టైపు కిందే వేరియంట్ అని రాసి చెప్పొచ్చు, ఫీల్డ్‌లెంగ్త్ 16, బైట్ఆర్డర్ లాస్ట్ అని. ఈ బైట్ఆర్డర్ మర్చిపోతే డీఫాల్టుగా చిన్న బైటు ముందనుకుంటుంది, అప్పుడు 00 07 అనేది ఏడు కాకుండా 1792 అయి కూర్చుంటుంది, మీరు సెన్సార్‌ని తిట్టుకుంటూ ఉంటారు, సెన్సార్ పాపం బంగారంలా ఉంటుంది.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. డీకోడర్‌కి బైట్లు చూస్తే చాలు మెసేజ్ ఏంటో తెలిసిపోతుందనుకుంటారు. తెలీదండి! మోడ్‌బస్‌లో అడిగేదానికీ 03 నే, జవాబుకీ 03 నే. అడిగేటప్పుడు 03 తర్వాత అడ్రెసు రెండు బైట్లు, ఎన్ని కావాలో రెండు బైట్లు. చెప్పేటప్పుడు 03 తర్వాత బైట్ల లెక్క ఒకటి, ఆ తర్వాత డేటా. ఇది ప్రశ్నా జవాబా అని బైట్ల మీద ఎక్కడా రాసుండదు. అందుకనే టీటీసీఎన్-3 టూలు డీకోడర్ని పిలిచేటప్పుడు బైట్లతో పాటు ఒక ఊహ కూడా అందిస్తుంది, ఇది ఫలానా టైపు అయ్యుండొచ్చు, అలా చదివి చూడు అని. స్టాండర్డులో దానికి డీకోడింగ్ హైపోథసిస్ అని పేరు. ఆ ఊహ ఎక్కడ్నుంచి వస్తుంది? మీరు రిసీవ్‌లో, అంటే మెసేజ్ అందుకునే లైనులో, రాసిన టెంప్లేట్ టైపు నుంచి. ఆ టైపుగా చదవలేకపోతే డీకోడర్ చేతులెత్తేస్తుంది, అప్పుడు ఆ ఆల్టర్నేటివ్, అంటే రాగల మెసేజ్‌ల వరసలో ఆ ఒక్క దారి, కుదరలేదన్నట్టే లెక్క. చూశారా, ఇక్కడే కలగాపులగం మొదలైంది. చదవలేకపోవడం కూడా కుదరకపోవడం ఖాతాలోనే పడిపోయింది.

ఇప్పుడు టెంప్లేట్లు. పంపేటప్పుడు టెంప్లేట్‌లో ప్రతిదీ ఖచ్చితంగా ఉండాలి, ఏదో ఒకటిలే అంటే కుదరదు, ఎన్‌కోడర్ ఏం రాయాలి మరి. తీసుకునేటప్పుడు మాత్రం స్వేచ్ఛ ఉంది: క్వశ్చన్ మార్కు పెడితే ఏదైనా పర్లేదు కానీ ఉండాలి, స్టార్ పెడితే ఉన్నా సరే లేకపోయినా సరే, ఒమిట్ అంటే ఉండకూడదు, రేంజి ఇవ్వొచ్చు, ఇవి తప్ప ఏదైనా అని కాంప్లిమెంట్ ఇవ్వొచ్చు, పాత టెంప్లేట్ తీసుకుని ఒక ఫీల్డు మార్చి మాడిఫైస్ అనొచ్చు. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి, చదువుకోండి. నేను చెప్పేది స్టార్ గురించి ఒక్కమాట. బద్ధకం వచ్చినప్పుడల్లా వేలు స్టార్ మీదకే వెళ్తుంది. ఉండి తీరాల్సిన ఆప్షనల్ ఫీల్డుకి స్టార్ పెట్టారనుకోండి, డివైస్ దాన్ని ఎగ్గొట్టినా మీ టెస్టు పాసే. ఆ టెస్టు రోజూ రాత్రి నడుస్తుంది, రోజూ పచ్చగా ఉంటుంది, ఏమీ చూడదు. నా దగ్గరకొచ్చే జూనియర్ల కోడు రివ్యూలో నేను ముందు వెతికేది స్టార్లే.

(ప్రశ్న: సార్, డీవో విలువకి క్వశ్చన్ మార్కు పెట్టొచ్చా?)

పెట్టొచ్చు బాబూ, పెడితే ఏమవుద్దో చెప్తా. ఆ నాలుగు బైట్లున్నాయి కదా, 40 90 00 00. మోడ్‌బస్ రిజిస్టర్ అంటే పదహారు బిట్లే, ఫ్లోట్‌కి రెండు రిజిస్టర్లు కావాలి, ఆ రెండిట్లో ఏది ముందు అనేది మోడ్‌బస్ చెప్పలేదు, ఒక్కో తయారీదారు ఒక్కోలా చేశాడు. ఎవరో తిప్పి పంపారనుకోండి, 00 00 40 90 వస్తుంది. డీకోడర్ దీన్ని చదవలేదా? చక్కగా చదువుతుంది! నాలుగు బైట్లు ఎలా ఇచ్చినా ఏదో ఒక ఫ్లోట్ అవుద్ది. ఇది సున్నాకి వెంట్రుకవాసి పైన ఉండే సంఖ్య అవుద్ది. డీకోడ్ ఓకే, క్వశ్చన్ మార్కు ఓకే, టెస్టు పాస్, చెరువులో ఆక్సిజన్ సున్నా! కంట్రోలర్ దాన్ని నమ్మి రాత్రంతా ఏరేటర్లు తిప్పుతుంది, రైతుకి కరెంటు బిల్లు పేలిపోద్ది. టెస్ట్ బెంచి మీద సెన్సార్‌ని తెలిసిన నీళ్ళలో పెట్టి 4.0 నుంచి 5.0 అని రేంజి ఇచ్చుంటే అక్కడే దొరికేది. ఇదీ డీకోడ్ నెగ్గి మ్యాచ్ ఓడిన కేసు. ఫ్లోట్‌ని సరిగ్గా 4.5 తో సమానమా అని మాత్రం అడక్కండి, సెన్సార్ ఎప్పుడూ 4.4973 అంటుంది.

తర్వాత ఆల్ట్. రిసీవ్‌లన్నీ ఆల్ట్‌లో వరసగా పెడతాం, పైనుంచి కిందకి చూస్తుంది, ఏది కుదిరితే అది. పోర్టుకి క్యూ ఉంటుంది, చూసేది క్యూలో ముందున్న మెసేజ్‌నే. అది దేనికీ కుదరకపోతే ఏమవుద్ది? పారేయదు. అక్కడే ఉంటుంది. మన నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు ఎక్కడానికి బళ్ళు వరసగా నిలబడతాయి చూశారా, ముందున్న లారీ ఎక్కకుండా మొరాయిస్తే వెనకాల బైకు మీద పెళ్ళికెళ్ళేవాడు కూడా అక్కడే ఆగాలి. అలాగే మీ అసలు జవాబు రెండోదిగా వచ్చి క్యూలో కూర్చునుంటుంది, ముందున్న దిక్కుమాలిన మెసేజ్ కదలదు, చివరికి టైమర్ అయిపోయి టైమౌట్ అని పడుద్ది. లాగ్‌లో డివైస్ జవాబివ్వలేదని మీరు రిపోర్టు రాస్తారు. ఇచ్చింది మహాప్రభో! అందుకే ఆల్ట్‌లో అడుగున ఏ టెంప్లేటూ లేని ఉత్త రిసీవ్ ఒకటి పెట్టడం ఆచారం, లేదా డీఫాల్ట్ ఆల్ట్‌స్టెప్‌లో, అంటే ఆల్ట్ ముక్కని విడిగా ఒకసారి రాసి అన్నిచోట్లా వాడుకునేదాంట్లో, పెట్టి యాక్టివేట్ చేయడం, ఏదొచ్చినా తీసి లాగ్‌లో రాసి ఫెయిల్ కొట్టేది.

ఇక అసలు విషయానికొస్తా. ఇందాక కవరు, లోపల ఉత్తరం అన్నాను కదా. చాలా ప్రోటోకాల్స్ ఇలాగే ఉంటాయి, ఫోన్ నెట్‌వర్కులో కూడా ఆర్ఆర్‌సీ మెసేజ్ (ఫోనుకీ టవరుకీ మధ్యది) లోపల ఎన్ఏఎస్ మెసేజ్ (ఫోనుకీ లోపలి కోర్ నెట్‌వర్కుకీ మధ్యది) ఉత్త ఆక్టెట్ స్ట్రింగ్‌గా, అంటే బైట్ల వరసగా, పడుంటుంది, బయటోడికి అది ఏంటో అక్కర్లేదు. మన ఉదాహరణలో కవరు రికార్డులో చివరి ఫీల్డు పీడీయూ, అంటే ఆ లోపలి ఉత్తరం, దాని టైపు ఆక్టెట్‌స్ట్రింగ్. అందులో 03 04 40 90 00 00 ఉంది. దీన్ని సరిచూడటం ఎలా?

పాత పద్ధతి డీక్‌వాల్యూ. కవరుని క్వశ్చన్ మార్కుతో తీసేసుకుంటారు, తర్వాత పీడీయూని ఆక్ట్‌టుబిట్‌తో బిట్‌స్ట్రింగ్ చేసి, డీక్‌వాల్యూకి ఇస్తారు. అది ఒక సంఖ్య తిరిగిస్తుంది: సున్నా అంటే చదివాను, ఒకటి అంటే చదవలేకపోయాను, రెండు అంటే ఇంకా బిట్లు కావాలి, సరిపోలేదు. ఈ రెండు అనేది ఎంత విలువైందో చెప్పలేను. టీసీపీ అంటే ప్రవాహం, మెసేజ్ ఇక్కడ అయిపోయిందని గీత ఉండదు, పదమూడు బైట్ల జవాబు ముందు తొమ్మిది, ఒక ఘడియాగి నాలుగు వచ్చినా తప్పేం కాదు. రెండు వచ్చిందంటే ఆగు, మిగతాది రానీ అని. పైగా చదివింది పోను మిగిలిన బిట్లు ఆ స్ట్రింగ్‌లోనే మిగులుతాయి, రెండు మెసేజ్‌లు అంటుకుని వచ్చినా విడదీసుకోవచ్చు. బాధేంటంటే, రిసీవ్ అప్పటికే నెగ్గిపోయింది, మెసేజ్ క్యూలోంచి తీసేశారు, లోపలిది వేరేదని తర్వాత తెలిస్తే ఆల్ట్‌లో ఇంకో దారికి వెళ్ళలేరు. ఇఫ్‌లు ఎల్స్‌లు రాసుకుంటూ పోవాలి, కోడు పందిరి మీద దొండ పాదులా అల్లుకుపోద్ది... సరే.

అందుకని తర్వాత డీక్‌మ్యాచ్ తెచ్చారు. టెంప్లేట్‌లోనే రాసేయొచ్చు: పీడీయూ ఫీల్డు దగ్గర డీక్‌మ్యాచ్, రీడ్ రెస్పాన్స్ టైపు, ఫంక్షన్ 3, బైట్లు 4, విలువ 4.0 నుంచి 5.0. రిసీవ్ జరిగేటప్పుడే లోపలి స్ట్రింగ్‌ని ఆ టైపుగా చదివి, చదివిందాన్ని లోపలి టెంప్లేట్‌తో పోల్చి, రెండూ కుదిరితేనే మొత్తం కుదిరినట్టు. కుదిరాక విలువ కావాలంటే రీడైరెక్ట్‌లో యట్ డీకోడెడ్ (@decoded) అని పెడితే చదివిన విలువే వేరియబుల్‌లోకి వచ్చేస్తుంది, మళ్ళీ డీకోడ్ చేయక్కర్లేదు. నిజంగా బాగుంటుంది. నాకు ఇష్టం.

కానీ డీక్‌మ్యాచ్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకుంటే ఇందాకటి జబ్బే మళ్ళీ వస్తుంది. సెన్సార్ 83 02 పంపింది, రీడ్ రెస్పాన్స్‌గా చదవబోతే కుదరదు, నో మ్యాచ్. రిజిస్టర్లు తిప్పి పంపింది, చదవడం కుదిరింది విలువ కుదర్లేదు, నో మ్యాచ్. బైట్ల లెక్క 04 అని చెప్పి రెండే పంపింది, అదీ నో మ్యాచ్. మూడు వేరే వేరే జబ్బులు, ఒకటే మందుచీటీ. వీటిని ముగ్గురు వేరే మనుషులు బాగుచేయాలి, ఒకటి కాన్ఫిగరేషన్, ఒకటి డేటా ఫార్మాట్, ఒకటి ఫర్మ్‌వేర్ బగ్గు.

నేను ఎలా రాస్తానంటే, ఆల్ట్‌ని మెట్లుగా రాస్తాను. పైన గట్టి టెంప్లేట్, రేంజితో సహా, కుదిరితే పాస్. దాని కింద అదే డీక్‌మ్యాచ్ రీడ్ రెస్పాన్స్, కానీ లోపల క్వశ్చన్ మార్కు, అంటే రీడ్ రెస్పాన్స్‌గా చదవగలిగాను కానీ విలువలు నచ్చలేదు అని. అక్కడ ఫెయిల్ కొట్టి వచ్చిన విలువ లాగ్ చేస్తా. దాని కింద డీక్‌మ్యాచ్ ఎక్సెప్షన్ రెస్పాన్స్, డివైస్ ఒప్పుకోలేదు, కోడు ఇదీ అని. దాని కింద కవరు టెంప్లేట్, పీడీయూకి ఉత్త క్వశ్చన్ మార్కు: కవరు బానే ఉంది, లోపలిది ఎవరికీ అర్థం కాలేదు, ఇదిగో బైట్లు. అన్నిటికన్నా కింద ఉత్త రిసీవ్, కవరు కూడా చదవలేదు అని. ఆ తర్వాత టైమౌట్, అసలేమీ రాలేదు అని. పైన ఉన్నది ఎప్పుడూ కింద దానికన్నా గట్టిగా ఉండాలి, తిరగేస్తే మెత్తటిది ముందే మింగేస్తుంది, కింద ఉన్నవాటికి ఎప్పటికీ వంతు రాదు. టెస్టుకి ఓ ఇరవై లైన్లు పెరుగుతాయి, ఆల్ట్‌స్టెప్‌లో పెట్టేస్తే అదీ ఒకసారే. ఫెయిలైన రోజు పొద్దున్న లాగ్‌లో ఒక్క లైను చదివి ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిపోద్ది.

(ప్రశ్న: ఆ మెట్లన్నీ డీకోడర్‌లోనే పెట్టేస్తే అయిపోద్ది కదండీ, తప్పుంటే అదే చెప్తుంది కదా?)

అబ్బా, మంచి ప్రశ్న, నేను రానే వచ్చేవాడిని దానికి. మరీ మంచివాడైన డీకోడర్ టెస్టరుకి శత్రువు. లెంగ్త్ ఫీల్డు తీసుకోండి. డివైస్ 00 07 పంపాల్సిన చోట 00 09 పంపింది, వెనకాల బైట్లు మాత్రం ఏడే. కొందరు డీకోడర్ రాసేటప్పుడు పోన్లే పాపం అని అసలు బైట్లు లెక్కపెట్టుకుని ఏడు అని సర్దేస్తారు. అప్పుడు మీ టెంప్లేట్‌లో 7 అని ఎంత గట్టిగా రాసినా మ్యాచ్ అవుతుంది, తప్పు మీ కంటికే రాదు. ఇంకొందరు 9 చూడగానే డీకోడ్ ఫెయిల్ అంటారు, అప్పుడు ఏ ఫీల్డులో తప్పో టెంప్లేట్ చెప్పలేదు. నా లెక్క ఏంటంటే, డీకోడర్ ఉన్నది ఉన్నట్టు చదవాలి, మంచీచెడూ టెంప్లేట్ చూసుకోవాలి. మెసేజ్ ఎక్కడ తెగుతుందో తెలియడానికి ఎంత అవసరమో అంతవరకే డీకోడర్ తెలివి చూపించాలి. పంపేటప్పుడు కూడా ఇదే గొడవ: ఎన్‌కోడరే లెంగ్త్ లెక్కేసి పెడుతుంది, టైటన్‌లో లెంగ్త్‌టు అని ఉంది, హాయిగా ఉంటుంది, కానీ కావాలని తప్పు లెంగ్త్ పంపి డివైస్ ఏం చేస్తుందో చూడాలంటే అది ఒప్పుకోదు, దిద్దేస్తుంది. అలాంటి టెస్టులకి బైట్లని ఉత్త ఆక్టెట్‌స్ట్రింగ్‌గా చేత్తో రాసి పంపండి.

(ప్రశ్న: ఇదంతా పైథాన్‌లో చేసుకోవచ్చు కదా సార్?)

చేసుకోవచ్చు, నేనూ చిన్నవాటికి అదే చేస్తాను. మెసేజ్‌లు నాలుగు రకాలే అయితే పైథాన్ చాలు. నలభై రకాలు, ఒకదాంట్లో ఒకటి, ఏది ముందొస్తుందో తెలీకుండా, టైమర్లతో పాటు, అలాంటప్పుడు మ్యాచింగూ, క్యూ, వర్డిక్ట్ (పాసా ఫెయిలా అనే తీర్పు) రూల్సూ మీరే కట్టుకోవాలి, కట్టుకున్నాక చూస్తే అది టీటీసీఎన్-3 లాంటిదే ఇంకోటి అయ్యుంటుంది, డాక్యుమెంట్లు లేకుండా. ఇందులో వర్డిక్ట్ ఒకసారి ఫెయిల్ అయ్యాక మళ్ళీ పాస్‌కి తిప్పలేరు, భాషే ఒప్పుకోదు. మన స్క్రిప్టుల్లో ఎవరో చివర్లో రిజల్ట్ ట్రూ అని రాసేసే బాపతు ఇక్కడ సాగదు.

(ప్రశ్న: మా దగ్గర సెన్సార్ లేదండి, ప్రాక్టీస్ ఎలా?)

సెన్సార్ అక్కర్లేదమ్మా. టీటీసీఎన్-3లోనే ఇంకో కాంపోనెంట్, అంటే విడిగా నడిచే ఇంకో ముక్క, రాసి దాన్ని సెన్సార్‌లా నటించమనొచ్చు. ఒక్క జాగ్రత్త: ఆ రెండు కాంపోనెంట్లనీ కనెక్ట్‌తో కలిపేయకండి. కనెక్ట్ చేస్తే విలువలు విలువలుగానే వెళ్తాయి, మీరు రాసిన కోడెక్‌ని ఎవరూ పిలవరు, బైట్ఆర్డర్ తప్పున్నా అన్నీ పాసే. రెండిటినీ వేరువేరుగా మ్యాప్ చేసి, అంటే బయటి ప్రపంచానికి కలిపి, టీసీపీ టెస్ట్ పోర్టు పెట్టి, ఒకే లినక్స్ మెషిన్‌లో లోకల్‌హోస్ట్ మీద మాట్లాడించండి, అప్పుడు నిజంగా బైట్లు పారతాయి. 502 పోర్టుకి రూట్ పర్మిషన్ అడుగుద్ది, ఏ 1502 నో పెట్టుకోండి. ముందు మంచి జవాబు కాదు, 83 02 పంపించి మీ ఆల్ట్‌లో ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి. తర్వాత రిజిస్టర్లు తిప్పి పంపండి, తర్వాత చివరి రెండు బైట్లు కోసేసి పంపండి. మూడిటికీ లాగ్‌లో మూడు వేరే లైన్లు రావాలి. ఒకే లైను వస్తే నాకు పంపండి, చూద్దాం.